మెదడుతో కంప్యూటర్ నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా పెద్దనాన్నకు మెదడు కాండంలో స్ట్రోక్ వచ్చింది. ఒళ్లంతా చచ్చుబడిపోయింది, నోట మాట లేదు. కళ్లు మాత్రం పైకీ కిందికీ కదిలేవి. ఆసుపత్రి కాగితంలో "స్పందన లేదు" అని రాసి పంపించేశారు. ఆ కళ్లు తనను వెతుకుతున్నాయని కనిపెట్టింది మా పెద్దమ్మే. అప్పటి నుంచి బ్రెయిన్ కంప్యూటర్ ఇంటర్‌ఫేస్‌ల గురించి దొరికినదల్లా చదువుతున్నాను. బంధువులు, స్నేహితులు, మంచాన పడ్డ మనిషి ఉన్న ఇళ్లవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి.

బ్రెయిన్ కంప్యూటర్ ఇంటర్‌ఫేస్ అంటే ఏమిటి?

చెయ్యి ఎత్తాలనుకున్నప్పుడు మెదడులో ఆదేశం పుడుతుంది. అది వెన్నుపాము గుండా నరాల్లోకి, అక్కడి నుంచి కండరంలోకి వెళ్తుంది. ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిన్నా, ఏఎల్ఎస్ లాంటి జబ్బు నరాలను తినేసినా ఆ దారి తెగిపోతుంది. ఆదేశం పుడుతూనే ఉంటుంది, చేరాల్సిన చోటికి చేరదు, అంతే. ఆ ఆదేశాన్ని మెదడు దగ్గరే పట్టుకుని కంప్యూటర్‌కి అందించే ఏర్పాటే బీసీఐ. ఆ తర్వాత కంప్యూటర్ దాన్ని కర్సర్ కదలికగానో, అక్షరంగానో, మరచేతి కదలికగానో మారుస్తుంది.

మనిషి మెదడులోని విద్యుత్తును మొదటిసారి నమోదు చేసింది జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్, 1924లో. ఈ రంగానికి ఇప్పుడున్న పేరు పెట్టింది లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాక్ విడాల్, 1973లో. అంటే చాలామంది అనుకున్నట్టు ఇది నిన్న మొన్నటి విషయం కాదు.

అయితే మనసులో అనుకున్నవన్నీ చదివేస్తుందా?

అందరికీ ముందు వచ్చే భయం ఇదే. ఇప్పుడు పనిచేస్తున్న పరికరాల్లో ఎక్కువ భాగం చదివేది ఆలోచనను కాదు, ప్రయత్నాన్ని. కదలికలను నడిపే మెదడు భాగం మీద ఎలక్ట్రోడ్లు, అంటే అక్కడి విద్యుత్తును పట్టే చిన్న చిన్న లోహపు మొనలు, పెడతారు. "చెయ్యి ఎడమవైపు కదపాలి", "పెదవులు మూసి 'ప' అనాలి" అని మనిషి నిజంగా ప్రయత్నిస్తేనే అక్కడి నాడీకణాలు గట్టిగా స్పందిస్తాయి. మీకు ఎవరి మీద కోపం ఉందో, బ్యాంకులో ఎంత దాచుకున్నారో ఆ చోట దొరకదు.

అయితే పూర్తిగా నిశ్చింతగా ఉండమని కూడా చెప్పను. 2025లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, పెదవి కదిపే ప్రయత్నం లేకుండా మనసులో పలుకుకున్న మాటను కూడా కొంతవరకు పట్టగలమని చూపించారు. దాంతోపాటే ఒక తాళం కూడా తయారుచేశారు. ముందుగా అనుకున్న ఒక పాస్‌వర్డ్‌ను ఆ మనిషి మనసులో పలికితేనే యంత్రం వినడం మొదలుపెడుతుంది. రెండూ ఒకే బృందం చేసిందంటే నాకు గౌరవం కలిగింది.

పుర్రె తెరవకుండా, తల మీద టోపీ పెట్టి చేయలేరా?

చేస్తారు. దాన్నే ఈఈజీ అంటారు. ఫిట్స్ వచ్చినవాళ్లకు ఆసుపత్రిలో తీసేది కూడా ఇదే. ఆ పరీక్షకు వెళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: "తలకు నూనె పెట్టుకోకండి, షాంపూతో తలస్నానం చేసి రండి" అని ముందే చెబుతారు. జుట్టు పాయలు విడదీసి, జెల్ రాసి, ఒక్కొక్క ఎలక్ట్రోడ్‌నూ చర్మానికి ఆనిస్తారు. కొబ్బరినూనె జిడ్డు ఒక్క పొర ఉన్నా సిగ్నల్ పాడవుతుంది, ఎందుకంటే ఆ సిగ్నల్ అంత చిన్నది. టార్చిలైటు బ్యాటరీది ఒకటిన్నర వోల్టు. తల మీద దొరికేది దాదాపు అందులో లక్షో వంతు. కనురెప్ప కొట్టినా, పళ్లు కొరికినా వచ్చే విద్యుత్తు దానికంటే పెద్దది.

పైగా పుర్రె అడ్డం ఉంటుంది. కల్యాణ మండపం గోడ అవతల నిలబడి వినడం లాంటిదే ఇది. తాళి కట్టేశారని, భోజనాలు మొదలయ్యాయని తెలుస్తుంది. ఎవరు ఎవరితో ఏమన్నారో తెలియదు. ఎడమచెయ్యి ఊహిస్తున్నారా, కుడిచెయ్యి ఊహిస్తున్నారా అన్నంత వరకు ఈఈజీ బాగానే చెబుతుంది. అదీ అందరికీ కుదరదు. పదిహేను నుంచి ముప్ఫై శాతం మందికి ఈ ఊహ పద్ధతి సరిగ్గా పట్టుబడదని ఈ రంగంలో తరచూ చెప్పే లెక్క.

మరి టోపీతో అక్షరాలు ఎలా టైప్ చేస్తారు?

ఇది చెప్పాలంటే మా ఇంటి అట్ట గురించి చెప్పాలి. క్యాలెండర్ అట్ట వెనకవైపు మా పెద్దమ్మ స్కెచ్ పెన్నుతో అక్షరాలు రాసింది. మొదటి వరుస అచ్చులు, తర్వాత క వర్గం, చ వర్గం, అలా కిందికి. ఒక్కో వరుస మీద వేలు పెట్టేది. కావాల్సిన వరుస వస్తే పెద్దనాన్న కళ్లు పైకెత్తేవాడు. తర్వాత ఆ వరుసలో ఒక్కో అక్షరం, ఆ తర్వాత గుణింతం. ఆయన కూర్చిన మొదటి మాట "దిండు". మెడ కింద దిండు జారిపోయి ఎన్నాళ్లుగా నొప్పిగా ఉందో మరి. "దిం" దాకా రాగానే పెద్దమ్మ "దించమంటారా?" అని అడిగింది. ఆయన కళ్లు కిందికి దించి కాదన్నాడు.

1988లో అమెరికాలో ఫార్‌వెల్, డాంచిన్ అనే ఇద్దరు చేసినదీ దాదాపు ఇదే. తెర మీద ఆరు వరుసలు, ఆరు నిలువు గళ్లు, మొత్తం 36 గడులు. వరుసలు, నిలువులు ఒక్కొక్కటిగా మెరుస్తుంటాయి. మీరు ఎదురుచూస్తున్న అక్షరం ఉన్న వరుస మెరవగానే, దాదాపు 300 మిల్లీసెకన్ల తర్వాత మెదడు "ఆ, ఇదే" అన్నట్టు ఒక చిన్న అల పంపుతుంది. దాని పేరు పీ300. మా పెద్దనాన్న కళ్లతో చేసిన పనిని ఇక్కడ ఆ అల చేస్తుంది. నెమ్మదిగానే సాగుతుంది. కళ్లు కూడా అలసిపోయే మనిషికి ఆ నెమ్మదే ఎంతో.

మెదడులో చిప్ పెట్టడం ఎప్పుడు మొదలైంది?

మనుషుల్లో 1990ల చివర్లోనే ప్రయత్నాలు జరిగాయి. గట్టి మలుపు మాత్రం 2004లో వచ్చింది. కత్తిపోటు వల్ల మెడ కింద కదలిక కోల్పోయిన మాథ్యూ నేగల్ అనే అమెరికన్ యువకుడికి బ్రెయిన్‌గేట్ బృందం చిప్ అమర్చింది. నాలుగు మిల్లీమీటర్ల చదరపు బిళ్ల మీద దాదాపు వంద సన్నటి సూదులు, దువ్వెన పళ్లలా. యూటా విశ్వవిద్యాలయంలో తయారైన ఆ డిజైన్‌ను యూటా అరే అంటారు. ఇప్పటికీ చాలా పరిశోధనలు దాని మీదే నడుస్తున్నాయి. నేగల్ దానితో కర్సర్ కదిపాడు, ఈమెయిల్ తెరిచాడు, కృత్రిమ చేతిని మూసి తెరిచాడు.

2011లో క్యాథీ హచిన్‌సన్ అనే ఆవిడ రోబో చేతిని మెదడుతో నడిపి, ఫ్లాస్కు పట్టుకుని నోటి దగ్గరకు తెచ్చుకుని స్ట్రాతో కాఫీ తాగింది. స్ట్రోక్ వచ్చి అప్పటికి పద్నాలుగేళ్లు దాటాయి. అన్నేళ్లలో ఎవరి సాయం లేకుండా తాగిన మొదటి గుక్క అది. ఆ వీడియోలో ఫ్లాస్కు తిరిగి బల్ల మీద పెట్టాక ఆమె ముఖం చూడండి. ఈ పరిశోధన ఎందుకని ఎవరైనా అడిగితే నేను చూపించేది అదే.

మాట పోయినవాళ్లకు మాట తిరిగి వస్తుందా?

ఈ ఐదారేళ్లలో అన్నిటికన్నా వేగంగా ముందుకెళ్లింది ఈ పనే.

2021లో స్టాన్‌ఫర్డ్ బృందం, చేతులు కదలని ఒకాయనను కాగితం మీద పెన్నుతో రాస్తున్నట్టు ప్రయత్నించమంది. ఆ రాత కదలికలను పట్టుకుని నిమిషానికి 90 అక్షరాలు తెర మీదికి తెచ్చింది. ఆయన వయసువాళ్లు ఫోన్‌లో టైప్ చేసే వేగం 115 దాకా ఉంటుంది. తర్వాత రాత వదిలి నేరుగా మాట మీదికే వచ్చారు. 2023 ఆగస్టులో ఒకేసారి రెండు ఫలితాలు వెలువడ్డాయి. స్టాన్‌ఫర్డ్‌లో ఏఎల్ఎస్ ఉన్న ఒకావిడ నిమిషానికి 62 మాటలు అందుకుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఎడ్వర్డ్ చాంగ్ బృందం, మెదడు పైభాగాన పరిచిన 253 ఎలక్ట్రోడ్లతో 78 మాటలు సాధించింది. అక్కడి ఆవిడ స్ట్రోక్ వచ్చి పద్దెనిమిదేళ్లుగా మాట లేకుండా ఉంది. ఆమె పెళ్లి వీడియోలోని గొంతు తీసుకుని, కంప్యూటర్ ఆ గొంతుతోనే మాట్లాడేలా చేశారు.

2024లో వచ్చిన ఫలితం ఇంకా పెద్దది. కేసీ హారెల్‌కు ఏఎల్ఎస్. ఆయన మాట మిగతావాళ్లకు అర్థం కానంతగా ముద్దగా మారిపోయింది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వైద్యులు ఆయన మెదడులో నాలుగు చిప్పులు, మొత్తం 256 ఎలక్ట్రోడ్లు పెట్టారు. మొదటి రోజు అరగంట శిక్షణతోనే 50 మాటల జాబితా మీద 99.6 శాతం కచ్చితత్వం వచ్చింది. తర్వాత 1,25,000 మాటలకు పెంచి, 97.5 శాతం దగ్గర నెలల తరబడి నిలబెట్టారు. జబ్బు రాకముందు రికార్డయిన ఆయన గొంతే స్పీకర్‌లో వినిపిస్తుంది. తను పలకబోయిన మాట తెర మీద సరిగ్గా పడటం మొదటిసారి చూసినప్పుడు ఆయన ఏడ్చేశాడు. ఇంట్లో చిన్న కూతురు ఉంది. వాళ్ల నాన్న మామూలుగా ఎలా మాట్లాడేవాడో ఆ పాపకు తెలియదు.

ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. వీళ్లందరికీ భాష మెదడులో చెక్కుచెదరకుండా ఉంది, నోటికి వెళ్లే దారి మాత్రమే మూసుకుపోయింది. మనవైపు స్ట్రోక్ తర్వాత మాట పడిపోయేవాళ్లలో చాలామందికి దెబ్బ తగిలేది భాషను కూర్చే చోటే. దాన్ని అఫేసియా అంటారు. ఈ యంత్రాలు ఇప్పటికి వాళ్ల కోసం కావు. వాళ్లకు స్పీచ్ థెరపీయే దారి. దాన్ని తొందరగా మొదలుపెట్టడం చాలా ముఖ్యం.

తెలుగులో మాట్లాడిస్తుందా?

పైన చెప్పినవన్నీ ఇంగ్లీషులో. ఇంగ్లీషు పలుకులను 39 ధ్వనులుగా విడగొట్టి, మెదడు సిగ్నల్ నుంచి ఏ ధ్వనో ఊహించి, తర్వాత భాషా మోడల్‌తో మాటలుగా కూరుస్తారు. మా పెద్దమ్మ "దించమంటారా?" అని ఊహించింది చూశారా, మోడల్ చేసేదీ అదే. కాకపోతే అది కోట్ల వాక్యాలు చదివి ఊహిస్తుంది.

తెలుగుకు రెండు చిక్కులు కనిపిస్తున్నాయి. ఒకటి, మనకు పొడవు ముఖ్యం. "కల", "కాల", "కల్ల" మూడూ వేరు. యంత్రం ఏ ధ్వనో చెబితే చాలదు, ఎంతసేపు పట్టి పలకబోయారో కూడా చెప్పాలి. రెండోది, "వెళ్లాల్సొచ్చిందట" అన్నది మనకు ఒకే మాట. లక్షా పాతికవేల మాటల పట్టిక ఇంగ్లీషుకు సరిపోతుంది. తెలుగులో మాటలన్నీ ప్రత్యయాలతో, సంధులతో కలిసి పెరిగిపోతే ఆ పట్టిక ఎక్కడికీ చాలదు. మాటను ముక్కలుగా చూసే మోడల్ కావాలి.

అసాధ్యం మాత్రం కాదు. 2024లో చాంగ్ బృందమే స్పానిష్, ఇంగ్లీషు రెండూ వచ్చిన ఒకాయన మెదడు నుంచి రెండు భాషలనూ పట్టింది. నాలుక, పెదవుల కదలికలకు సంబంధించిన సంకేతాలు రెండు భాషలకూ చాలావరకు ఉమ్మడిగా ఉన్నాయని తేలింది. అంటే ఒక భాషలో నేర్చుకున్నది ఇంకో భాషకు పనికొస్తుంది. మనవైపు నుంచి కావాల్సింది మంచి తెలుగు మాటల రికార్డింగులు, అన్ని జిల్లాల యాసలతో. వాటి కోసం ఎవరైనా మీ గొంతు అడిగితే, షరతులు చదివి, ఇవ్వండి.

న్యూరాలింక్ గురించి ఇంత హడావిడి ఎందుకు?

న్యూరాలింక్ అంటే మెదడులో పెట్టే చిప్ తయారుచేసే ఎలాన్ మస్క్ సంస్థ. పరికరం బాగుంది. 64 సన్నని తీగల మీద 1,024 ఎలక్ట్రోడ్లు, వాటిని రోబో కుడుతుంది. తలలోంచి బయటికి వైరు ఉండదు. పాత పద్ధతిలో తల మీద ప్లగ్గు బయటికి కనిపించేది, దాని వల్ల ఇన్ఫెక్షన్ టెన్షన్ ఎప్పుడూ ఉండేది. 2024 జనవరిలో మొదట అమర్చుకున్న నోలండ్ ఆర్‌బా కొన్ని వారాల్లోనే మెదడుతో చెస్ ఆడి చూపించాడు. తర్వాత చాలా తీగలు మెదడులోంచి వెనక్కి జారిపోయాయి. సాఫ్ట్‌వేర్ మార్చి వేగాన్ని తిరిగి తెచ్చారు. కానీ దీనికి ముందు ఇరవై ఏళ్లు విశ్వవిద్యాలయాల్లో, పేరు కూడా బయటికి రాని పేషెంట్ల ఓపిక మీద జరిగిన పని లేకపోతే ఇది లేదు.

సింక్రాన్ అనే సంస్థది వేరే దారి. గుండెకు స్టెంట్ వేసినట్టే మెడ దగ్గరి సిర గుండా 16 ఎలక్ట్రోడ్లున్న స్టెంట్‌ను మెదడు పక్కనున్న రక్తనాళంలోకి పంపుతారు. పుర్రె తెరవక్కర్లేదు. మొదటిసారి 2019లో మెల్‌బోర్న్‌లో అమర్చారు. సిగ్నల్ తక్కువే, అయినా మెసేజ్ పంపడానికి, ఫోన్ నడపడానికి చాలు. మా పెద్దనాన్న లాంటివాళ్ల వయసుకు ఇదే నయమని నా అభిప్రాయం.

పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్లకు ఏమైనా ఉందా?

ఉంది. అన్నిటికన్నా ముందు మన ఊళ్లకు చేరే ఉపయోగం ఇదేనని నేను నమ్ముతున్నాను. ఫిజియోథెరపీలో చేతిని ఎవరో కదిపితే మెదడు పెద్దగా నేర్చుకోదు. తను ప్రయత్నించిన క్షణంలోనే చెయ్యి కదిలితే నేర్చుకుంటుంది. ఈఈజీ ఆ ప్రయత్నాన్ని పట్టుకుంటుంది, వెంటనే చేతికి తొడిగిన మోటారు తొడుగు వేళ్లను తెరుస్తుంది. అమెరికాలో ఇప్సీహ్యాండ్ అనే ఇలాంటి పరికరానికి 2021లో అనుమతి వచ్చింది. అది దెబ్బ తగలని వైపు మెదడు నుంచి సంకేతం తీసుకోవడం విశేషం. మన దేశంలో కాన్పూర్ ఐఐటీ ప్రొఫెసర్ ఆశిష్ దత్తా బృందం ఇదే సూత్రం మీద చేతి తొడుగు తయారుచేసి, పేషెంట్లతో పరీక్షించింది.

నడక? స్పర్శ?

సైకిల్ ప్రమాదంలో కాళ్లు చచ్చుబడిన గెర్ట్-యాన్ ఓస్కమ్ అనే డచ్ వ్యక్తికి స్విట్జర్లాండ్‌లోని లౌసాన్‌లో మెదడు మీద, వెన్నుపాము మీద ఇంప్లాంట్లు పెట్టి, మధ్యలో తెగిన దారిని వైర్‌లెస్‌గా కలిపారు. ఊతకర్రలతో నడిచాడు, మెట్లెక్కాడు. ఇది 2023 మాట. యంత్రం ఆపేశాక కూడా కొంత నడక మిగిలింది. స్పర్శ విషయంలో పిట్స్‌బర్గ్‌లో నేథన్ కోప్‌లండ్‌కు 2015లో పెట్టిన ఇంప్లాంట్, రోబో వేలిని తాకితే తన వేలినే తాకినట్టు అనిపించేలా చేసింది.

చెవిలో పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ కూడా ఇదేనా?

దగ్గరి చుట్టం. అది మెదడు నుంచి చదవదు, వినికిడి నరానికి సంకేతం పంపుతుంది. పుట్టుచెవుడు ఉన్న పిల్లలకు మన రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ కింద కూడా చేశారు. శరీరంలో ఎలక్ట్రోడ్ పెట్టుకుని దశాబ్దాలు హాయిగా బతకొచ్చని నిరూపించినవాటిలో అదొకటి.

ప్రమాదాలేమిటి?

ఆపరేషన్ అంటే రక్తస్రావం, ఇన్ఫెక్షన్ ఉండనే ఉంటాయి. ఇంకోటి, మెదడు తనలోకి వచ్చిన సూదుల చుట్టూ మెల్లగా మచ్చ కణజాలం పెంచుకుంటుంది, సిగ్నల్ తగ్గుతుంది. కొందరిలో ఏళ్ల తరబడి పనిచేసింది, కొందరిలో తొందరగా మందగించింది.

మూడోదాని గురించి ఎవరూ అడగరు: కంపెనీ మూతపడితే? చూపు లేనివాళ్లకు కంటిలో అమర్చే ఆర్గస్ 2 అనే పరికరాన్ని సెకండ్ సైట్ సంస్థ అమ్మింది. దాన్ని కొన్ని వందల మంది పెట్టించుకున్నారు. సంస్థ దాన్ని ఆపేశాక వాళ్లకు రిపేరు చేసే దిక్కు లేకుండా పోయింది. సంతకం పెట్టే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

పోలీసులు చేసే బ్రెయిన్ మ్యాపింగ్ ఇదేనా?

అదీ ఈఈజీతో చేసేదే, పీ300 అల కూడా అందులో వాడతారు. కానీ ఉద్దేశం పూర్తిగా వేరు. నార్కో పరీక్ష, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ వీటిలో దేన్నీ మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చిలీ దేశం 2021లో మెదడు సమాచార రక్షణను రాజ్యాంగంలోనే చేర్చింది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఒక హెడ్‌సెట్ కంపెనీని, మాజీ సెనేటర్ మెదడు డేటా చెరిపేయమని ఆదేశించింది. మనకూ అలాంటి స్పష్టమైన చట్టం కావాలి.

ఆన్‌లైన్‌లో అమ్మే హెడ్‌బ్యాండ్లు కొనొచ్చా?

నేర్చుకోవడానికి, సరదాగా ప్రయోగాలు చేసుకోవడానికి కొనండి. పిల్లల ఏకాగ్రత పెరుగుతుందని, పేషెంటు కోలుకుంటారని ఎవరైనా అంటే కొనకండి. నుదుటి మీది రెండు ఎలక్ట్రోడ్లకు మెదడు కన్నా నుదుటి కండరాలే ఎక్కువగా అందుతాయి.

ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

పరికరం కొనకుండానే మొదలుపెట్టొచ్చు. ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఇచ్చిన బీసీఐ పోటీ డేటా ఉచితంగా దొరుకుతుంది. తొమ్మిది మంది మనుషులు, 22 ఎలక్ట్రోడ్లు. ఎడమచెయ్యి, కుడిచెయ్యి, పాదాలు, నాలుక కదుపుతున్నట్టు ఊహించినప్పటి సిగ్నళ్లు. పైథాన్‌లో ఎంఎన్ఈ అనే లైబ్రరీతో వాటిని తెరిచి చూడండి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది, మెదడు, భాషల మీద అక్కడ మంచి పని జరుగుతోంది. తెలుగు మీద పనిచేసేవాళ్లు తక్కువ, చేయాల్సింది చాలా ఉంది.

మా ఇంట్లో మనిషి ఇప్పుడు మంచాన ఉన్నారు. ఇవాళ ఏం చేయాలి?

ఇంప్లాంట్ కోసం ఎదురుచూడకండి, అవి ఇంకా పరిశోధనలోనే ఉన్నాయి. ఎవరైనా ప్రయోగంలో చేర్చుకుంటామంటే, అది ప్రభుత్వ క్లినికల్ ట్రయల్ రిజిస్ట్రీలో ఉందో లేదో చూడండి. ప్రయోగం పేరుతో డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. ఐసీఎంఆర్ నియమాల ప్రకారం పరిశోధన ఖర్చు పేషెంటు మీద వేయకూడదు.

ముందు, ఆ మనిషికి ఏ కదలిక మిగిలిందో వెతకండి. కనురెప్ప, కంటి చూపు, బొటనవేలు, ఏదైనా సరే. ఒకసారి కదిపితే అవును, ఇంకోలా అయితే కాదు. చూపు బాగా నిలిస్తే, కంటి కదలికతో నడిచే ఐ ట్రాకర్‌ను కంప్యూటర్‌కి తగిలించుకోవచ్చు. అదీ లేకపోతే అట్ట చాలు.

అట్ట మీద అక్షరాలను వర్ణమాల వరుసలోనే రాయక్కర్లేదు. మేము నెల రోజుల తర్వాత ఇంకోటి రాశాం. ఎక్కువగా వాడేవి పైకి తెచ్చాం, ఎప్పుడూ వాడనివి తీసేశాం. అన్నిటికన్నా పైన పూర్తి మాటలు ఒక వరుస: నొప్పి, నీళ్లు, దిండు, ఫ్యాను, పక్కకు తిప్పు, చాలు. ఆ వరుస చివర మా పెద్దమ్మ "తిన్నావా" అని కూడా రాసింది. దిండు సర్దించుకున్నాక ఆయన కూర్చిన రెండో మాట అదే.